ఆగితేనే తెలిసేది

షెడ్డుకు వచ్చిన బండి బానెట్ ఎత్తడానికి మెకానిక్ వదిన ఎప్పుడూ తొందరపడదు. కొప్పు బిగించుకుని, "పదండి, ముందు దాన్ని ఆగనిద్దాం" అంటూ ఎక్కి కూర్చుంటుంది. వీధి మొత్తానికి ఆవిడ వదినే. ఆ రోజు దర్జీ తెచ్చిన పాత కారు వేడెక్కితే ఆగిపోతోంది. కార్బురేటరు కడిగించినా, పెట్రోలు పంపు మార్చినా లాభం లేకపోయింది. "ఆగనివ్వకు వదినా! ఇంకోసారి ఆగితే అమ్మేస్తానని ఈవిడకు మాటిచ్చాను" అని దర్జీ గొణిగాడు. వెనక సీట్లో భార్య కళ్ళు మెరిశాయి. "ఆగకపోతే రోగమెలా తెలుస్తుంది మరిదిగారూ? పోనివ్వండి" అంది వదిన, కిటికీలోంచి మోచెయ్యి బయటపెట్టి.

కూడలి మధ్యలో ఇంజను ఆగిపోయింది. "అమ్మేయండిక!" అని భార్య చప్పట్లు కొట్టింది. వెనక హారన్లు చెవులకు చిల్లులు పొడుస్తున్నా వదిన నింపాదిగా దిగి, బానెట్ ఎత్తి, ప్లగ్గు వైరు ఊడదీసి, తాళం తిప్పించి చూసింది. నిప్పురవ్వ రాలేదు. రవ్వ పుట్టించే ఇగ్నిషన్ కాయిల్ చెయ్యి పెట్టలేనంత కాలుతోంది. దాని మీద గుడ్డ తడిపి కప్పి, అది చల్లబడ్డాక "ఇప్పుడు స్టార్టు కొట్టండి" అంది. తాళం తిప్పగానే ఇంజను అందుకుంది. "కాయిల్ మార్చేస్తే ఇక ఆగదు" అని వదిన బానెట్ మూసేసింది. దర్జీ బిక్కమొహంతో వెనక్కి తిరిగాడు. "ఆగింది కదా మరి..." ఆ మొహం చూసి భార్యకు నవ్వొచ్చింది.

"కావాలని ఆపించింది వదిన. అది లెక్కలోకి రాదు. ముందు పోనివ్వండి, ఊరంతా మనల్నే తిడుతోంది."