ఓదీల్ గారి బాల్కనీ వాన

ఓసేర్ పట్టణంలో, యోన్ నది ఒడ్డున, మబ్బు తునక లేని రోజున కూడా భోజనాల వేళకి ఒక ఇంటి ముందు మాత్రం వాన కురిసేది. ఆ వాన కురిపించేది ఓదీల్ గారు.

రెండో అంతస్తు బాల్కనీలో నిలబడి, కడిగిన లెట్యూస్ ఆకుల్ని ఇనుప తీగబుట్టలో వేసి, చెయ్యి బారచాచి గిరగిరా తిప్పేది. వాళ్ళమ్మా అలాగే తిప్పింది, అమ్మమ్మా అలాగే తిప్పింది. ఆకు తడిగా ఉంటే నూనె పట్టదు, ఆవపిండి జారిపోతుంది, గిన్నె అడుగున నీళ్ళ మడుగు మిగులుతుంది. అలాంటి తడి సలాడ్ వడ్డించిన మనిషిని ఓదీల్ గారు జన్మలో క్షమించదు. ఈ విషయం మీదే సొంత అక్కతో మాటలు మానేసింది. పైగా ఆవిడది మామూలు చెయ్యి కాదు. పింఛను వచ్చేదాకా కాలువ మీద లాకులు తిప్పిన చెయ్యి. ఆవిడ బుట్ట తిప్పితే నీళ్ళు రోడ్డు దాటి వెళ్ళేవి.

దాటనివి కింది అంతస్తు అన్సెల్మ్ గారి నెత్తిన పడేవి. పూర్వం మంగలిషాపు నడిపిన పెద్దమనిషి. భార్య పోయాక ఒక్కడే ఉంటున్నాడు. సరిగ్గా ఆ వేళకే కుర్చీ తెచ్చుకుని, పేపరూ గొడుగూ పట్టుకుని బాల్కనీలో కూర్చునేవాడు. లోపల కూర్చోవచ్చుగా అని ఎవరికైనా అనిపిస్తుంది. ఆయనకి అనిపించలేదు.

"ఏమండోయ్ పైన మేడమ్! మొదలెట్టారా? తలస్నానం పొద్దున్నే అయిందండీ నాకు!"

"ఆ బట్టతలకి స్నానం కూడానా? గుడ్డతో ఒక్క తుడుపు చాలదూ!"

"నా పేపరంతా తడిసి ముద్దయింది!"

"అందులో ఉన్నవన్నీ అబద్ధాలే. ఆరాక చదువుకోండి, కాస్తయినా తగ్గుతాయి!"

"సర్లెండి. ఒక ఆకు ఊడి పడింది. ఇది నాదే, తిరిగివ్వను!"

"తినండి, తినండి. మీ వంట తినీ తినీ నాలుక చచ్చిపోయుంటుంది!"

ఇద్దరూ ఇలా గొంతు చించుకుని, ఆనక ఎవరింట్లో వాళ్ళు కడుపునిండా తినేవాళ్ళు.

వసంతకాలంలో ఒక పూట ఓదీల్ గారి భుజం కటుక్కుమంది. బుట్ట చేజారింది. జారి ఊరుకుందా? ఎగిరి, రోడ్డు దాటి, నదిలో పోతున్న విహారయాత్రల పడవ కప్పు మీద కూర్చుంది. పడవలో వాళ్ళు ఆవిడకి చేతులూపారు. చెయ్యి లేవక ఆవిడ తల ఊపింది. బుట్టా, లెట్యూసూ అలా వంతెన కిందనుంచి ఊరు చూడబోయాయి.

డాక్టరు బెర్తీల్ చిన్నపిల్ల, కానీ మొహమాటం లేని పిల్ల. "మళ్ళీ బుట్ట తిప్పారంటే నేను మీ గుమ్మం తొక్కను," అంది. "అందరిలా మూతగిన్నె కొనుక్కోండి. బుట్ట దాని లోపలే తిరుగుతుంది, నీళ్ళు లోపలే పడతాయి."

ఓదీల్ గారు సంతలో ఒక లెట్యూస్ కొని సంచిలో వేసుకుని మరీ గిన్నెల దుకాణానికి వెళ్ళింది. ఆకులు కడగడానికి నీళ్ళు అడిగేసరికి దుకాణం ఆవిడ తెల్లబోయింది.

"ఇక్కడ తిప్పుతారా?"

"మరి చూడకుండా కొంటానా? చెప్పులు కొనేటప్పుడు కాలు పెట్టి చూడమూ?"

మొదట తాడు లాగే రకం. లాకుల చెయ్యి కాకపోతేనేం, దాని తోడుబుట్టిన ఎడమ చెయ్యేగా. ఒక్క లాగుకి తాడు ఊడి చేతిలోకొచ్చింది. తర్వాత మీట నొక్కే రకం. నొక్కగానే అది గజగజలాడుతూ బల్లమీద నడక మొదలెట్టింది. వెనకున్న ముసలాయన పట్టుకోకపోతే వీధిలోకి పోయేదే. మూడోది పిడి తిప్పే రకం. పిడి చేతికి తగలగానే ఓదీల్ గారి మొహం విచ్చుకుంది. చిన్న లాకు ఇది! ఎడమచేత్తో తిప్పింది. గిన్నె ఝుమ్మంది, వరసలో నిలబడ్డవాళ్ళు చప్పట్లు కొట్టారు, దుకాణం ఆవిడ కూడా కొట్టి, వెంటనే నాలిక్కరుచుకుని తాడు ఊడిన గిన్నెని బల్లకింద దాచేసింది.

ఇంట్లో గిన్నె అద్భుతంగా పనిచేసింది. నీళ్ళన్నీ అడుగునే దిగాయి. ఆకు ఎండలో ఆరేసిన రుమాలంత పొడిగా వచ్చింది. ఓదీల్ గారు మురిసిపోతూ భోజనానికి కూర్చుంది. ఒక ముద్ద తిని, ఆగింది. ఇంకాస్త ఉప్పేసింది. ఆవపిండి పెంచింది. ఊహూఁ, చప్పగానే ఉంది.

మర్నాడూ అంతే. బాల్కనీలోంచి వంగి చూసింది. కింద అన్సెల్మ్ గారు నిప్పులు చెరిగే ఎండలో గొడుగు విప్పుకుని, మొహం పైకెత్తి కూర్చున్నాడు. ఇద్దరి చూపులూ కలిశాయి. ఆయన గబుక్కున గొడుగు ముడిచి పేపరు తలకిందులుగా పట్టుకున్నాడు. ఆవిడ గబుక్కున లోపలికొచ్చేసింది.

రోజు మొత్తంలో తనతో మాట్లాడే మనిషి ఆయనొక్కడేనని ఓదీల్ గారికి అప్పుడు తెలిసింది. కిందికి వెళ్ళి ఏమని అడుగుతుంది? అయ్యా, కాస్త తిట్టండి అనా?

ఆ తర్వాతి రోజు గిన్నె తిప్పి, మూత తీసి, ఆకులు పక్కనపెట్టి, అడుగున మిగిలిన నీళ్ళకేసి చూసింది. గిన్నె పట్టుకుని బాల్కనీలోకి నడిచింది. కళ్ళు మూసుకుని కుమ్మరించింది.

కింద ఎవరో కెవ్వుమన్నారు. ఆడగొంతు! వంగి చూస్తే వీధిలో డాక్టరు బెర్తీల్, జుట్టు మొహానికి అతుక్కుపోయి నిలబడి ఉంది.

"మీ భుజం ఎలా ఉందో చూసిపోదామని వస్తే ఇదేంటండీ!"

"బ్రహ్మాండంగా ఉందమ్మా, చూశావుగా!"

అప్పుడే తలుపు కొట్టారు. తీస్తే అన్సెల్మ్ గారు. కోటు వేసుకుని, పొడి గొడుగు చంకన పెట్టుకుని, చేతిలో సొట్టపడ్డ తీగబుట్ట పట్టుకుని ఉన్నాడు.

"పడవవాణ్ణి మూడు రేవులు తరిమి పట్టుకున్నా," అన్నాడు వగరుస్తూ. "వానల్లేక చస్తున్నానండీ కింద."

"నా భుజం పోయిందయ్యా."

"నా భుజాలు ఉన్నాయిగా! జరగండి."

మరో లెట్యూస్ కడిగి బుట్టలో వేసుకుని బాల్కనీలోకి దూకుడుగా వెళ్ళి తిప్పాడు. తిప్పడం అన్నమాటే గానీ, పాపం, కత్తెర పట్టిన చెయ్యి. బుట్ట సగం తిరిగి వెనక్కొచ్చేది. సగం నీళ్ళు ఆయన కోటుమీదే పడ్డాయి. మిగిలిన సగం తల తుడుచుకుంటున్న డాక్టరు మీద.

"మళ్ళీనా!" అని వీధిలోంచి కేక.

ఓదీల్ గారు నవ్వి నవ్వి రెయిలింగు పట్టుకుని నేలమీద చతికిలబడింది.

ఇద్దరూ భోజనానికి కూర్చున్నారు. మాంసం తినడం అయ్యాక సలాడ్ వడ్డించాడు అన్సెల్మ్ గారు. ఆకుల మీంచి నూనె జారిపోతోంది. పళ్ళెంలో నీళ్ళ మడుగు. చేతికందే దూరంలో కొత్త మూతగిన్నె మెరుస్తోంది.

"కాస్త తడిగా ఉందా?" అని భయంగా అడిగాడు.

ఓదీల్ గారు రొట్టెముక్కతో ఆ మడుగుని కూడా తుడుచుకుని తినేసింది.

"లేదు," అంది. "ఇలాగే ఉండాలి."