బజారు గది కిరాయికి, బర్రె పెరట్లో

సొంత ఇంట్లోకి గోడ దూకి పోయిన ఆడదాన్ని మీరు చూసి ఉండరు. నేనే ఆ ఆడదాన్ని. నవ్వుకోండి గానీ, ఇల్లు కిరాయికి ఇద్దామనుకునేవాళ్ళు నవ్వుతూనే చెవి ఇటు పెట్టండి.

నిజాం ఏలుబడి ఇంకా ఉన్న రోజులు. భువనగిరి కోట బండ కింద మా ఇల్లు. ముందు గది, దాని వెనుక మా గది, ఆ వెనుక పెరడు. పెరట్లో బర్రె. దాని పాలమ్మితేనే మా ఇంట్లో పొయ్యి వెలిగేది.

"ఎనక అర్ర కిరాయికియ్యి" అన్నాడు మా ఆయన.

"ఎనకదానికి ఎవడిస్తడు పైసలు? బజారు దిక్కుదైతే ఎగవడి తీస్కుంటరు" అన్నాను. అన్నట్టే దర్జీ నర్సయ్య వచ్చి నిజాం సర్కారు హాలి రూపాయలు చేతిలో పెట్టాడు. ఆ రాత్రి జాగీరు దొరికినదానిలా నిద్రపోయాను.

తెల్లారి బర్రెను మేతకు తోలబోతే నర్సయ్య పెండ్లాం రాజవ్వ తలుపులో నిలబడింది.

"అక్కా, గిదేంది? బర్రె మా అర్రలకెల్లి పోతదా?"

"మరి మొగులు మీదికెల్లి పోతదా?"

అన్నాను గానీ అప్పుడే నాకు తెలివొచ్చింది. బజారుకు ఉన్నది ఆ ఒక్క దారే. అది అమ్ముకున్నదాన్ని నేనే.

ఎట్లాగో సర్దుకున్నాం. రోజూ పొద్దున నర్సయ్య మిషను పక్కకు జరిపేవాడు. బర్రె మాత్రం సరిగ్గా నడిమధ్యన ఆగి, రవికె కొలతలిద్దామని వచ్చినదానిలా అతని వైపు చూసేది.

ఇంతలో రాజవ్వ బిడ్డ కాన్పుకు పుట్టింటికి వచ్చింది. ఒకనాడు నేను సంతకు పోయి వచ్చేసరికి గుమ్మానికి వేపమండలు. గడపలో మంత్రసాని కాళ్ళు చాపుకొని కూర్చుంది.

"పిల్ల పుట్టింది, ఇది పురుటిల్లు. పురుటి నీళ్ళు పోసేదాంక ఎవ్వలు దాటొద్దు."

"ఇల్లు నాదే."

"ఇల్లు నీదే, అర్ర వాళ్ళది. కిరాయి తీస్కున్నవా లేదా?"

"తీస్కున్న."

"ఇంకేంది లొల్లి?"

నేను బయట, మా ఆయన లోపల. పాలు పిండడం ఆయనకు రాదు. పొదుగు సలిపి బర్రె అరుస్తోంది. ఇట్లాగే ఉంటే పాలు ఎగబెడుతుంది, మా పొయ్యి ఆరిపోతుంది. లోపలి నుంచి మా ఆయన కేకేశాడు.

"ఇగో, అది నా దిక్కే సూస్తాంది. ఏం జెయ్యాలె?"

"నువ్వు గూడ దాని దిక్కు సూడు, నేనొస్తున్న."

చుట్టు తిరిగి పోయాను. మా పెరటి వెనుక తోటికోడలు సత్తెమ్మ పెరడు. చీర చెక్కుకొని నడుమ గోడ దూకి పాలు పిండాను. నేను దూకాను గానీ బర్రె దూకదు కదా. మేత ఎట్లా, నీళ్ళు ఎట్లా?

"అక్కా, గోడ జర కూలగొట్టి నీ పెరట్లకెల్లి బర్రె పోను తొవ్వియ్యి."

"ఇస్త చెల్లె. కిరాయి?"

"తోటికోడలి దగ్గర కిరాయా?"

"అర్ర కిరాయికిచ్చినంక బర్రె యాది మర్చినవు. నేను తొవ్వ కిరాయి యాది మర్వాల్నా? పొద్దుకొక్క ముంత పాలు పొయ్యి."

పోశాను. రాజవ్వ బిడ్డకు పురుటి నీళ్ళు పోశాక, పాత దారినే పోదామని బర్రెను ఇటు తిప్పాను.

"అటు తొవ్వ మంచిగనే ఉంది గదక్కా, పసిపిల్ల ఉన్న అర్రల బర్రె ఎందుకు?" అంది రాజవ్వ. బర్రెను మళ్ళీ సత్తెమ్మ పెరటికే తిప్పాను. ముంత కొనసాగింది.

కొన్నాళ్ళకు రాజవ్వ నా దగ్గర పాలు కొనడం మానేసింది. ఎందుకని అడిగాను.

"సత్తెమ్మక్క తక్కువ పైసలకే పోస్తాంది. మంచి చిక్కటి పాలు."

చిక్కగా ఎందుకుండవు? నా బర్రెవే గదా.

ఆ సాయంత్రం బర్రె వీపు మీద చెయ్యి వేసి ఒట్టు పెట్టుకున్నాను: ఇక మీదట ఏ గది కిరాయికి ఇచ్చినా, ముందుగా దీన్ని పెరట్లోంచి బజారు దాకా తోలుకొని పోతాను. దీని గిట్ట పడిన గది ఏదైనా సరే, నవాబే వచ్చి అడిగినా ఇవ్వను.