డబ్బా ఖాళీ అయింది

"మేడమ్, రికార్డు పెట్టి వారం దాటె. బండి ఇంక రాలేదేంది?"

ఈ మెసేజ్ వచ్చేసరికి పొయ్యి మీద పప్పు ఉడుకుతోంది. పంపింది ములకలపల్లి అవతల అడవి పల్లెల్లో తిరిగే ఒక ఆశా కార్యకర్త. వాగు అవతలి గూడెంలో నెలలు నిండిన ఆమెకు బీపీ ఎక్కువగా ఉందట. వానలు ముదిరి వాగు వచ్చిందంటే ఆ గూడేనికి దారే ఉండదు. అందుకని ముందే రికార్డు పెట్టింది. దాన్ని చూసి దవాఖానా వాళ్లు బండి పంపాలి.

ఆ రికార్డు పెట్టే యాప్ ఉచితం. సిగ్నల్ లేని చోట కూడా వివరాలు నింపుకుని, సిగ్నల్ దొరికినప్పుడు పంపుకోవచ్చు. పంపేదాకా అవి ఫోన్‌లోనే, యాప్‌లోని 'డబ్బా'లో ఉంటాయి. దాని కోడ్ ఎవరైనా చూడొచ్చు, మార్చొచ్చు. రాసేవాళ్లు ఏయే దేశాల్లోనో ఉంటారు. తెలుగు గైడు రాయడం, యాప్ వాడే ఆశా కార్యకర్తల ఫోన్ గ్రూపులో వచ్చే ప్రశ్నలకు జవాబివ్వడం నా వంతు. కొత్తగూడెంలో మా క్వార్టర్‌లో కూర్చుని చేస్తాను, జీతం గీతం ఏమీ లేదు. మొదట్లో గ్రూపులో పట్టుమని పదిమంది లేరు, అందరి గొంతులూ గుర్తుపట్టేదాన్ని. ఇప్పుడు ఏ జిల్లా నుంచి ఎవరు చేరుతున్నారో తెలియదు. నేను టైపు చేసేలోపు ఇంకెవరో జవాబు చెప్పేస్తారు. ప్రేమతోనే చెప్తారు, అదే నా భయం.

ఆ రోజూ అంతే అయింది. కొత్త వెర్షన్ వచ్చాక ఆమె ఫోన్‌లోంచి రికార్డులు కదలడం లేదని నాకు అర్థమయ్యేలోపే ఒకామె రాసింది. "నాకు గట్లనే అయింది అక్కా. యాప్ తీసేసి మళ్ల వేసుకో, సాఫ్ అయితది."

తీసేస్తే పంపని రికార్డులన్నీ చెరిగిపోతాయి. "వద్దు, ఆగండి" అని రాస్తుండగానే ఆశా కార్యకర్త మెసేజ్ వచ్చింది. "తీసేసి వేసిన మేడమ్. డబ్బా ఖాళీ అయింది. అన్నీ చేరినట్టే కద. ఇగ పోత."

నా "వద్దు"కు ఒక్క టిక్కే పడింది, ఆమె ఫోన్‌కు చేరలేదు. ఆమె అప్పటికే సిగ్నల్ ఉన్న రోడ్డు దాటి అడవిలోకి వెళ్లిపోయింది.

'రికార్డులు చేరాక డబ్బా ఖాళీ అవుతుంది' అని గైడులో ఉంది. ఆమె ఆ మాటనే నమ్మింది. రికార్డు చేరిందని ఆమె నిశ్చింతగా ఉంటుంది. ఏమీ చేరలేదు కనుక దవాఖానా వాళ్లూ నిశ్చింతగా ఉంటారు. మధ్యలో సంగతి తెలిసినదాన్ని నేనొక్కదాన్నే. పప్పు మాడిన వాసన వచ్చేదాకా అక్కడే నిలబడిపోయాను.

దవాఖానాకు ఫోన్ చేశాను. "మాకేం రాలేదమ్మా. ఏ గూడెం? ఆమె పేరేంది?" అన్నారు.

తెలియదు. రోగుల పేర్లూ ఊర్లూ గ్రూపులో పెట్టకూడదని మేమే నియమం పెట్టుకున్నాం. వాగు అవతల గూడేలు ఒకటా రెండా? ఎక్కడని పంపుతారు బండి?

అరికాలి మంట నెత్తికెక్కింది. పంపడం ఆగినప్పుడు 'యాప్ తీసేయవద్దు' అని తెర మీదే చూపించమని కోడ్ రాసేవాళ్లను ఎప్పుడో అడిగాను. ఎంతో మర్యాదగా జవాబిచ్చారు, అది డాక్యుమెంటేషన్‌లో ఉంది కదా అని. ఉంది, పేజీ అడుగున. వానలో ఒక చేత్తో గొడుగు, ఒక చేత్తో ఫోన్ పట్టుకున్న మనిషి పేజీ అడుగుదాకా పోతుందా?

మా ఆయన షిఫ్టు దిగి వచ్చి నా మొహం చూశాడు. "జీతం లేని నౌకరీకి గింత పరేషానేంది?" అని నవ్వాడు. సంగతంతా విన్నాక నవ్వు ఆగిపోయింది. "బాయి దిగేటోనికి ఏది ముట్టొద్దో పైననే చెప్తరు. దిగినంక చెప్తే ఏం ఫాయిదా?" అన్నాడు. గని కార్మికుడి మాట.

ఒక్కటే ఆశ. మర్నాడు సంత. అడవి పల్లెల కార్యకర్తలు తమ ఫోన్లన్నీ ఒక సంచిలో వేసి, సంతకొచ్చే ఒకామెకు అప్పజెప్తారు. ఆమె రోడ్డు మీద సిగ్నల్ ఉన్నచోట నిలబడి అందరివీ పంపి, ఫోన్లు తిరిగి తీసుకుపోతుంది. ఈసారి వంతు తనదేనని ఆ ఆశా కార్యకర్త అంతకుముందే గ్రూపులో చెప్పింది.

పొద్దున్నే బస్సెక్కాను. దారి పొడవునా వాన. సంతలో ఎండుచేపల గంపల మీద కవర్లు కప్పేశారు. ఆమెను నేనెప్పుడూ చూడలేదు. టార్పాలిన్ కింద, పాలిథిన్‌లో చుట్టిన ఫోన్ల సంచి ఒళ్లో పెట్టుకుని కూర్చున్న మనిషి దగ్గరకు పోయి నేనెవరో చెప్పాను.

"గ్రూపుల మేడమా?" ఆమె మొహం వెలిగింది. "గూడెంల ఆమెకు చెప్పి వచ్చిన మేడమ్. బండొచ్చేదాక ఇల్లు కదలకు అన్న."

రికార్డు చేరలేదని, చెరిగిపోయిందని, బండి రాదని చెప్పాను.

ఆమె తిట్టలేదు. తిట్టినా బాగుండేది. "డబ్బా ఖాళీ అయితే చేరినట్టని మీ గైడులనే ఉండె కద?"

"ఉంది."

"మరి గిట్లెట్లయింది?"

యాప్ తీసేసినా డబ్బా ఖాళీగానే కనబడుతుందని ఏ మొహం పెట్టుకుని చెప్పను? అయినా చెప్పాను. ఆమె లేచి సంచి నా చేతిలో పెట్టింది. "ఇవి వేరేటోళ్లయి. నాది మంచిగైనంక చూద్దామని వీటిల కొత్త వెర్షన్ వెయ్యలే. వీటిని మీరు పంపుండ్రి. నేను పోత. పొద్దుగాల వాగు మోకాళ్లకాడికే ఉండె."

నా ఫోన్‌లోంచే దవాఖానాకు గూడెం పేరు, గర్భిణి పేరు చెప్పింది. వాగు ఇవతలి ఒడ్డున బండి నిలబెడతామన్నారు. అక్కడిదాకా గర్భిణిని వాగు దాటించి తీసుకురావాల్సింది ఈమే. ఆటో దొరకగానే వెనక్కి చూడకుండా వెళ్లిపోయింది.

నేను ఒక్కో ఫోన్ తీసి పంపుతూ నిలబడ్డాను. డబ్బాలు ఒక్కొక్కటే ఖాళీ అయ్యాయి. నేను రాసిన మాటే నేను నమ్మలేక, ఒక్కోదానికీ దవాఖానాకు ఫోన్ చేసి చేరిందా అని అడిగాను. విసుక్కున్నారు. విసుక్కుంటే విసుక్కోనీ. సంచిని కార్యకర్తలెప్పుడూ పెట్టే కిరాణా కొట్లో అప్పజెప్పి బస్సెక్కాను.

ఇంటికొచ్చాక గైడు తెరిచాను. పేజీ అడుగున ఉన్న మాటను అన్నిటికంటే పైకి తెచ్చాను. కోడ్ రాసేవాళ్లకు మళ్లీ రాశాను, ఈసారి మర్యాద తగ్గించే రాశాను. బయట వాన పడుతూనే ఉంది. ఆమె ఫోన్ మోగడం లేదు. దవాఖానా వాళ్లు బండి ఇంకా ఒడ్డునే ఉందని, వాగు పెరిగిందని చెప్పారు. ఇక వాళ్లను అడగడానికి కూడా భయమేసింది. మోకాళ్ల దగ్గరి నీళ్లు నడుము దాకా రావడానికి ఎంతసేపు పడుతుంది?

మర్నాడు గ్రూపులో ఎవరో కొత్తామె అడిగింది. "పంపుడు ఆగిపోయింది. యాప్ తీసేసి మళ్ల వెయ్యాల్నా?"

వెంటనే టైపు చేయడం మొదలుపెట్టాను. నాకంటే ముందే ఒక వాయిస్ మెసేజ్ వచ్చి పడింది. సంతలో కలిసిన ఆమె గొంతే.

"తియ్యకు అక్కా. నేను తీసి ఆగమైన. డబ్బా ఖాళీ అయిందని నమ్మకు. చేరినయా లేవా అని దవాఖానోళ్లను అడుగు, అప్పటిదాక ముట్టకు."

ఆ మాటల వెనక బండి ఇంజను చప్పుడు. దాని మీదుగా ఇంకో ఆడగొంతు, ఆయాసపడుతూ, కోయభాషలో ఏదో అడిగింది. ఆ భాష నాకు రాదు. ఈమె అదే భాషలో ఏదో చెప్పి, మళ్లీ మాతో అంది.

"వాగు దాటినమా అని అడుగుతుంది. దాటినమని చెప్పిన."