శ్రీరామ్మూర్తిగారి సీసాలు

నీళ్లు కనబడితే చాలు, శ్రీరామ్మూర్తిగారు సీసా ముంచకుండా ఉండలేరు. జేబులో ఖాళీ సీసా లేకపోతే ఆయనకు చొక్కా వేసుకున్నట్టే ఉండదు.

దువ్వాడలో మేనకోడలి పెళ్లిలో పెళ్లికొడుకు కాళ్లు కడిగిన నీళ్లు కూడా పళ్లెంలోంచి సీసాకెత్తారు. "ఇదేటి బావా!" అని పెళ్లికూతురి తండ్రి నెత్తి కొట్టుకున్నాడు. "ఉండు బావా, పేరు రాసుకోనీ," అంటూ ఈయన చీటీ అంటించారు: 'అల్లుడి కాళ్లు, ఆదివారం'.

ఆటోనగర్‌లో లారీలు కడిగే షెడ్డులో మురుగునీటి బాధ్యత ఆయనదే. తొట్టిలో పైకి తేలిన నూనె తీసేసి, మిగిలిన నీళ్లను కంకర మడుల్లో పెంచిన మెట్టతామర వేళ్ల మీదుగా పారిస్తారు. అవతలి కొసన వచ్చిన నీళ్లతో మళ్లీ లారీలే కడుగుతారు. యజమానికి మాత్రం నమ్మకం లేదు. ల్యాబు రిపోర్టు బాగోకపోతే మడులు తవ్విపారేస్తానన్నాడు. మేనేజరు జ్యోతిర్మయికి ఆ మొక్కలంటే ప్రాణం. రిపోర్టు వచ్చే రోజు పొద్దున్నించీ ఆమెకు ఒకటే దడ.

ఈయనేమో రోజూలాగే గేటు పక్క నూకాలు టీకొట్టుకు డబ్బాడు కుళాయి నీళ్లు మోసుకెళ్లారు.

"రెండేళ్లయినాది, ఇంకా ఏటి పరీచ్చ బాబూ? నా బావి నేదేటి?" అని నూకాలు కసిరింది.

"ఈ నీళ్లతో టీ ఎలాగుంటాదో సూడాలప్పా," అని, పనిలోపనిగా ఎప్పటిలాగే ఆమె బావిలోనూ సీసా ముంచుకొచ్చారు.

పదకొండింటికి జ్యోతిర్మయి ఫోనులోకి ల్యాబు రిపోర్టు వచ్చింది.

"పాసయ్యాం మూర్తిగారూ! మడులు బతికాయి!" జ్యోతిర్మయి కుర్చీలోంచి ఎగిరింది. ఆయన కదల్లేదు.

"రెండోది సూడమ్మా."

రెండో రిపోర్టు ఉందని ఆమెకు తెలియనే తెలియదు. 'నూకాలు బావి. నూనె లేదు. తాగవచ్చు.' ఆమె పైకి చదివేసరికి ఆయన చెప్పులు కూడా వదిలేసి గంతులేశారు.

"మడులు లేనప్పుడు మన మురుగే ఆ బావిలోకి దిగిపోనాదమ్మా. బావి పాడయిందని తెలిస్తే ఆ కొట్టుకి ఎవుడొత్తాడు? టీకి నీళ్లు పరీచ్చని వంక ఎట్టి నానే మోసినాను. దాన్లోనే సీసా ముంచితే ఊరంతా పసిగట్టీదురు. అందుకే కనబడ్డ నీళ్లన్నిట్లోనూ ముంచీవోణ్ణి."

"అల్లుడి కాళ్లు కూడానా?"

"నాకు పిచ్చని ఊరికి గట్టి నమ్మకం కుదిరింది అక్కడేనమ్మా!"

జ్యోతిర్మయికి ఆయన్ని చూస్తే ఎంత ముద్దొచ్చిందో చెప్పలేం. ఇద్దరూ టీకొట్టుకు పరుగెత్తారు.

"పరీచ్చలయిపోనాయప్పా! ఇయ్యాల నీ బావినీళ్లతోనే టీ ఎట్టు."

"నాను ముందే సెప్పనేదేటి, నా బావికి సాటి నేదని!"

"సెప్పినావప్పా," అన్నారు ఆయన, ఓడిపోయినవాడిలా బుద్ధిగా తలూపుతూ.

టీ వచ్చింది. జ్యోతిర్మయి ఆయన జేబులోంచి సీసా లాగి, తన గ్లాసులో టీ కాస్త అందులో పోసింది.

"ఇదేటమ్మా! తాగీది సీసాలో పోత్తావేటి?" అని ఆయన విస్తుపోయారు.

"ఉండండి మూర్తిగారూ," అంది ఆమె, "పేరు రాసుకోనివ్వండి."