దీవెనమ్మ చేసిన ప్రార్థన

హాలియా దారిలో మా ఆటో టైరు పంక్చరైంది. కాలువ గట్టున నా పక్కన కూర్చున్న దీవెనమ్మ నాట్లకు పోయే కూలిమనిషి. చెల్లెలు ఎస్తేరు ఇంటికి క్షమాపణ అడగడానికి పోతోందట.

"ఏం చేసినవమ్మా?"

"ప్రార్థన చేసిన అన్నా," అంటూ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "చెల్లె నన్నొక్కదాన్నే నమ్మి తన బిడ్డ సంగతి చెప్పింది. చర్చిల ఉపవాస కూడికల నేను మోకరించి, 'ప్రభువా, గా పిల్లను క్షమించు' అనుకుంట మైకుల అంతా చెప్పేసిన. అందరు ఆమెన్ అన్నరు. పేరుకే ప్రార్థన, నా నోటి దురద అన్నా అది."

నేను చదివిన పుస్తకాల్లో పాపులంతా తాగుబోతులూ దొంగలే. మోకాళ్ల మీద ఉండి చేసే పాపం గురించి ఎక్కడా చదవలేదు.

"మరిప్పుడు?"

"నాతోని కాదని ఏసయ్యకే అప్పజెప్పిన. నోరు గుంజినప్పుడల్లా ఆయన్నే పిలుస్త. ఒక్కోపాలి ఆగుతది, ఒక్కోపాలి ఆగది. చెల్లె మొఖం ఎట్ల జూడాల్నో!"

"ఇంతకీ గా పిల్ల సంగతేంది?" అని అడిగేశాను.

దీవెనమ్మ నా వైపు వంగి నోరు తెరిచింది. అంతలోనే ముఖం నల్లబడింది. "ఏసయ్యా" అని గొణిగి లేచి, ఆటో కోసం ఆగకుండా, ఎండలో చెల్లెలి ఊరి వైపు నడిచిపోయింది.