నీళ్ళ సంగతేమన్నాడు?

నా చిన్నప్పుడు మా ఊళ్ళో హిందీ ఎవరికి వచ్చని అడిగితే ఇద్దరిని చూపించేవాళ్ళు. ఒకరు బడిలో మా హిందీ మాస్టారు. ఆయన సాయంత్రం బస్సెక్కి దర్శి వెళ్ళిపోయేవాడు. రెండో మనిషి మా పక్కింటి పరుపుల మామయ్య. ఈ రెండో మనిషికి హిందీ ముక్క కూడా రాదు. ఆ సంగతి ఊళ్ళో నాకు తప్ప ఎవరికీ తెలియదని నేననుకునేదాన్ని.

మామయ్య వాళ్ళు దూదేకులవాళ్ళు. దూది ఏకడం, పరుపులు కుట్టడం వాళ్ళ తాతల నాటి పని. ఇంట్లో వాళ్ళు మాట్లాడేది మేం మాట్లాడే తెలుగే. కాకపోతే మామయ్య శుక్రవారం టోపీ పెట్టుకుని నమాజుకు వెళ్ళేవాడు. మా ఊరికి అది చాలు. సాయిబుకు హిందీ రాకపోవడమేమిటని అందరూ ధీమాగా ఉండేవాళ్ళు. నేనూ అలాగే అనుకుని, ఆరో తరగతిలో హిందీ పాఠం బుర్రకెక్కక పుస్తకం తీసుకుని ఆయన దగ్గరికి వెళ్ళాను. ఆయన దూది అంటిన మీసాలు తుడుచుకుంటూ పుస్తకాన్ని తిరగేసి మరగేసి చూసి నవ్వాడు. "నాకేం వచ్చమ్మా ఇదంతా? మీ ఇంట్లో మాటే మా ఇంట్లో మాట" అన్నాడు. నాకు ఆయన మీద జాలేసింది, నా హోంవర్కు మీద అంతకన్నా ఎక్కువ జాలేసింది.

ఆ ఏడు వానలు సరిగ్గా పడలేదు. మా తాతయ్యకు కాలువ చివర ఎకరంన్నర ఉండేది. అది తప్ప మాకు వేరే ఆధారం లేదు. కాలువ చివరి భూములంటే ఏమిటో అక్కడ బతికినవాళ్ళకే తెలుసు. కాగితాల మీద నీళ్ళుంటాయి, కాలువలో తుమ్మ మొలుస్తుంది. తాతయ్య మిరప నారు పోశాడు. నారు ఎదిగి నాటుకు వచ్చింది. ఇంకో వారం ఆగితే ముదిరిపోతుంది. నీళ్ళొస్తాయంటే మిరప నాటాలి, రావంటే నారు వదిలేసి కందులు చల్లుకోవాలి. కందులు చల్లితే గింజలైనా దక్కుతాయి. మిరప ఎండితే చేతికి పుల్లలు వస్తాయి. ఆ రెండింటి మధ్య తాతయ్య పది రోజులు నలిగిపోయాడు.

అప్పుడే ఎక్కడో ఉత్తరాదిన ఒక పెద్ద పార్టీ జాతీయ మహాసభలు జరుగుతున్నాయి. మా మండలంలో ఆ పార్టీ పెద్ద ఒకాయన చివరి భూముల రైతుల చేత అర్జీ రాయించి, వేలిముద్రలు వేయించి పట్టుకెళ్ళాడు. వెళ్ళే ముందు, ముగింపు రోజున పెద్ద నాయకుడి నోటితోనే మన కాలువ మాట చెప్పిస్తానని రచ్చబండ దగ్గర గొంతు చించుకున్నాడు. మూడు రోజుల సభల్లో ఇంకెవరు ఏం మాట్లాడినా మా ఊరికి అక్కర్లేదు. ఆ ముగింపు ఉపన్యాసం ఒక్కటే కావాలి.

పంచాయతీ ఆఫీసుకు టీవీ వచ్చిన కొత్త రోజులవి. ఆ సాయంత్రం అన్నాలు తినకుండానే జనం చేరారు. ఆడవాళ్ళం కిటికీ పక్కన కూర్చున్నాం. నాయకుడు మైకు ముందుకు వచ్చి మొదలుపెట్టాడు, అంతా హిందీ. కాసేపు జనం ఆయన చేతులూ వెనకాల జెండాలూ చూశారు. తర్వాత ఎవరో "సాయిబుని పిలవండ్రా" అన్నారు.

మామయ్యను తెచ్చి టీవీ పక్కన కుర్చీలో కూర్చోబెట్టారు. ఆయన లేవబోయాడు, భుజం పట్టి కూర్చోబెట్టారు. పంచాయతీ ఆఫీసులో ఆయన కుర్చీలో కూర్చోవడం నేను చూడటం అదే మొదటిసారి. దేశం గురించి అంటున్నాడని చెప్పాడు. అది టీవీ చూస్తే నాకూ తెలుస్తుంది. రైతుల గురించి అంటున్నాడని చెప్పాడు. జనం తలలూపారు. చెమటలు పట్టి ఆయన చొక్కా వీపుకు అతుక్కుపోయింది. నాకు హిందీలో వచ్చిన పది మాటల్లో పానీ ఒకటి. దాని కోసం చెవులు రిక్కించి విన్నాను. మొదటి నుంచి చివరిదాకా ఆ మాట రాలేదు.

నాయకుడు దండాలు పెడుతుంటే మా తాతయ్య లేచి ముందుకు వచ్చాడు. ఎప్పుడూ గట్టిగా మాట్లాడే మనిషి, ఆ రోజు మెల్లగా అడిగాడు.

"నీళ్ళ సంగతేమన్నాడు అబ్బాయ్?"

మామయ్య టీవీ వైపు చూడలేదు. తాతయ్య ముఖంలోకే చూశాడు.

"ఇస్తామంటన్నాడు బాబాయ్. చివరి భూములక్కూడా" అన్నాడు.

ఈలలు, చప్పట్లు. ఎవరో మామయ్యను ఎత్తుకున్నారు. నేను నోరు తెరిచాను. మామయ్యకు హిందీ రాదని ఒక్క మాట అంటే చాలు. తాతయ్య అప్పటికే కూలి ఆడవాళ్ళ వైపు తిరిగి తెల్లారి నాట్లకు రమ్మని చెబుతున్నాడు. ఆ పది రోజుల్లో మొదటిసారి ఆయన ముఖంలో వెలుగు చూశాను. నోరు మూసుకున్నాను.

నాటాం. తర్వాతి పేపర్లలో మా కాలువ ఊసు లేదు. పేపరువాడు అన్నీ వేస్తాడా అని సర్దిచెప్పుకున్నారు. కాలువకు నీళ్ళు వదిలారు కూడా. పై ఊళ్ళ దాకా వచ్చి అక్కడే ఆగిపోయాయి. మేం బావి నుంచి బిందెలతో మోసి మొక్క మొక్కకూ చెంబెడు పోశాం. మామయ్య దూది ఏకే విల్లు గోడకు తగిలించి, ఎవరూ పిలవకుండానే తెల్లవారుజామున కావిడితో మా చేలోకి వచ్చేవాడు. ఆయన భుజం పుండు పడినా మానలేదు. ఎందుకంత కష్టపడుతున్నాడో నాకు తెలుసు. ఆ తర్వాత బావి అడుగు కనిపించింది. మొక్కలు మొదట మధ్యాహ్నం వాడి సాయంత్రానికి తేరుకునేవి. కొన్నాళ్ళకు తేరుకోవడం మానేశాయి.

ఒక మధ్యాహ్నం ఎండిన సాళ్ళ మధ్య తాతయ్య కూర్చుని ఉన్నాడు. నేను అన్నం క్యారియరు తీసుకువెళ్ళాను. మామయ్య వచ్చి ఆయన ముందు నేల మీద చతికిలబడ్డాడు. ఏడుస్తూ, "నాకు హిందీ రాదు బాబాయ్. ఆ రోజు ఆయనేం మాట్లాడాడో నాకు తెలవదు" అన్నాడు.

తాతయ్య తిడతాడనుకున్నాను, కొడతాడేమోనని కూడా భయపడ్డాను. ఆయన చేతిలోని ఎండుమొక్కను విరుస్తూ కూర్చున్నాడు.

"నాకు తెలుసు అబ్బాయ్. మీ నాయనకూ రాదు, నీకూ రాదు. చిన్నప్పట్నుంచీ చూస్తన్నా గదా" అన్నాడు.

మామయ్య ఏడుపు ఆగిపోయింది. "మరి నన్నెందుకు అడిగావు బాబాయ్?"

"రావని నాకు లోపల తెలుస్తానే ఉంది. వస్తయ్యని ఎవరో ఒకళ్ళు అనకపోతే నాటలేను. నిన్నడిగితే కాదనవని నిన్నడిగా" అన్నాడు తాతయ్య.

క్యారియరు అక్కడ పెట్టి గట్టు మీద నిలబడిపోయాను. ఊరిని మోసం చేశాడని నేను మామయ్యను లోలోపల తిట్టుకున్న రోజులున్నాయి. ఆయనకు అబద్ధం తప్ప వేరే జవాబు మిగలకుండా అడిగింది మా తాతయ్యే. ఆశ పడటానికి ఏమీ లేనప్పుడు మనిషి దాన్ని పక్కవాడి దగ్గర అడుక్కుంటాడని, ఇచ్చినవాడు కూడా మునుగుతాడని ఆ రోజు నాకు అర్థమైంది. పదకొండేళ్ళ పిల్లకు అర్థం కావలసిన సంగతి కాదది.

మరుసటి ఏడు ఆ ఎకరంన్నర మాది కాదు. తాతయ్య పొగాకు కాల్చే బేరన్లో కూలికి వెళ్ళాడు. మామయ్య కాపురం ఎత్తేసి సత్తెనపల్లి వైపు వెళ్ళిపోయాడు. వెళ్ళేటప్పుడు మా గడప ముందు కాసేపు నిలబడ్డాడు, లోపలికి రమ్మని అనే ధైర్యం మా ఇంట్లో ఎవరికీ లేకపోయింది. చివరి భూములకు ఇప్పటికీ నీళ్ళ మాటలే వస్తాయి, నీళ్ళు రావు.

మామయ్యకు హిందీ రాదని నాకు ముందే తెలుసన్న సంగతి తాతయ్యకు చెప్పలేదు. ఆయన పోయేదాకా చెప్పలేదు. ఆ సాయంత్రం కిటికీ దగ్గర లేచి నిలబడి అరిచి ఉంటే ఏమయ్యేదని చాలాసార్లు ఆలోచించాను. నన్ను కసిరి కూర్చోబెట్టి, తెల్లారి నాటేవాడే. మా తాతయ్య నాకు తెలుసు, నాటేవాడే. అయినా నేను చెప్పి ఉండాల్సింది.