గౌస్ బాషా మీటరు పిచ్చి

గౌస్ బాషా ఎవరింటికి వెళ్ళినా ముందు పలకరించేది మనుషుల్ని కాదు, కరెంటు మీటర్ని. చిలకలూరిపేటలో బట్టలు కుట్టుకునే ఆ మనిషి గుమ్మంలో చెప్పులు విప్పుతూనే తల పైకెత్తి, మీటర్లో చక్రం జోరు చూసి, "ఎవరూ లేని గదిలో ఫ్యాన్ తిరుగుతోందండీ" అనేవాడు. వెళ్ళి చూస్తే నిజమే అయ్యేది.

భార్య జాన్‌బీకి తల కొట్టేసినట్టుండేది. ఆమె తమ్ముడు కరీముల్లా పెళ్ళిచూపులకి మార్టూరు వెళ్ళినప్పుడు, అందరూ పిల్లని చూస్తుంటే ఈయన వసారాలోకెళ్ళి మీటరూ, పక్కన మేకుకి గుచ్చిన బిల్లులూ చూసొచ్చాడు.

"ఎలా ఉంది బావా?" అన్నాడు కరీముల్లా ఆత్రంగా.

"నలభై ఎనిమిది యూనిట్లురా! యాభై దాటితే రేటు మారుతుందని తెలిసిన ఇల్లు. కళ్ళు మూసుకుని చేసుకో."

చేసుకున్నాడు.

రెండువేల నాలుగు మార్చిలో వీధిలో చక్రాల మీటర్లు పీకేసి, ఎర్రలైటు మిణుకుమనే కొత్తవి బిగించారు. చక్రమే లేకపోతే పిచ్చి వదులుతుందనుకుంది జాన్‌బీ. వారం తిరక్కుండా ఆయన మిణుకులు లెక్కపెట్టడం నేర్చుకున్నాడు. పైగా రోజూ పొద్దున్నే ఎదురింటి ప్రేమమ్మ వసారాలో నిలబడి, ఆవిడ మీటరు చూసి పుస్తకంలో ఏదో రాసుకునేవాడు. ప్రేమమ్మ బళ్ళో ఆయాగా చేసి రిటైరైన ఒంటరి మనిషి. వీధంతా నవ్వింది.

"మనింటి మీటరు చాల్లేదా? పరువు పోతోందండీ!" అంది జాన్‌బీ.

"ఇంకొన్నాళ్ళు ఓపిక పట్టవే."

మే నెలాఖర్లో ఆ పుస్తకం చంకన పెట్టుకుని, ప్రేమమ్మని వెంటబెట్టుకుని కరెంటాఫీసుకి బయల్దేరాడు. అక్కడేం తంటా తెస్తాడోనని జాన్‌బీ కూడా నడిచింది.

"పాత మీటర్లో నెలకి ముప్ఫై యూనిట్లొచ్చే ఇంటికి కొత్త మీటరు డెబ్బై చూపిస్తోంది సార్. మెయిన్ ఆపేసినా లైటు మిణుకుతోంది. రెండు నెలల రీడింగులివిగో."

ఆఫీసరు నవ్వాడు. "కొత్త మీటరు తప్పు చూపించదయ్యా. పెద్దావిడ ఏదో వేసి మర్చిపోతుంటుంది."

"అయితే పక్కన ఇంకో మీటరు పెట్టి చూడండి. నాది తప్పయితే బతికుండగా ఎవరి మీటరూ చూడను!"

ఆ మాటకి జాన్‌బీకి ఎవరు గెలవాలని కోరుకోవాలో ఒక్క క్షణం తోచలేదు.

వారం రోజులు ప్రేమమ్మ వసారాలో రెండు మీటర్లు పక్కపక్కన నడిచాయి. ఎనిమిదో రోజు ఆఫీసరే వచ్చాడు. పరీక్ష మీటరు నాలుగు యూనిట్లు, ప్రేమమ్మది పదిహేడు! వీధిలో ఈలలే ఈలలు. ఆఫీసరు అక్కడికక్కడే ఆ మీటరు పీకించి, మంచిది బిగించి, ఎక్కువ పడింది తగ్గిస్తామని రాసిచ్చాడు.

"నన్ను ఓడించావయ్యా!" అని బాషా భుజం తట్టాడు. "ఇంతకీ ఆవిడ మీ చుట్టమా?"

బాషా తడబడ్డాడు. "కాదు సార్. బిల్లుకి భయపడి ఇంత ఎండల్లో అక్క ఫ్యాన్ కట్టేసి, విసనకర్రతో కూచుంటోంది. మిషను ముందు కూచుంటే నాకు ఎదురుగా కనపడుద్ది. చూళ్ళేకపోయాను."

జాన్‌బీ సరాసరి ప్రేమమ్మ ఇంట్లోకెళ్ళి, స్విచ్ వేసి, ఫ్యాన్ ఐదు మీదకి తిప్పింది. గోడ మీద క్యాలెండరు టపటపా కొట్టుకుంది.

"అంత జోరెందుకమ్మా, రెండు చాలదూ?" అని ప్రేమమ్మ కంగారుపడింది.

"తిరగనీ అక్కా, తిరగనీ!" అని వీధంతా వినపడేలా అరిచాడు గౌస్ బాషా.